గుర్రాల దారిలో కాలినడకన...

మెనోర్కా పేరు మనలో చాలామందికి కొత్తే. స్పెయిన్‌కి తూర్పున, మధ్యధరా సముద్రంలో ఉన్న చిన్న దీవి ఇది. బార్సిలోనాలో విమానం ఎక్కితే గంటలోపే దిగిపోతాం. దీవి చుట్టూ తీరం వెంబడి 185 కిలోమీటర్ల కాలిబాట ఉంది. పేరు కమీ దె కవాల్స్, అంటే గుర్రాల దారి. సముద్రపు దొంగలు వస్తున్నారేమోనని ఒకప్పుడు గుర్రాల మీద కాపలా తిరిగిన బాట ఇది. మొత్తం నడవాలంటే వారం పైనే పడుతుంది. నాకంత ఓపికా లేదు, సెలవూ లేదు. దక్షిణ తీరంలో కాలా గల్దానా నుంచి తుర్కేతా బీచ్ దాకా నడిచాను. ఆరు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. పిల్లలు కూడా హాయిగా నడిచేస్తారు.

కాలా గల్దానా దగ్గర ఒక ఏరు సముద్రంలో కలుస్తుంది. అది అల్జెందార్ లోయలోంచి వస్తుంది. దీవి దక్షిణ భాగమంతా సున్నపురాయి. నీళ్లు దాన్ని వేల ఏళ్లుగా కోసుకుంటూ పోయి ఇలాంటి ఇరుకు లోయలు చేశాయి. రెండు పక్కలా నిట్టనిలువు రాతిగోడలు, అడుగున నీడ, చెమ్మ. పైన మైదానంలో ఉత్తరపు గాలికి చెట్లు ఒకవైపుకే వంగిపోయి ఉంటాయి. లోయలో మాత్రం పండ్లతోటలు! నడిచే ముందు ఏటి ఒడ్డున కాసేపు తిరగండి. బీచ్ ఎక్కడికీ పోదు.

అక్కడి నుంచి మెట్లెక్కితే పైన్ చెట్ల అడవి. అరగంట, ముప్పావుగంటలో మకరెల్యా వస్తుంది. తెల్లటి ఇసుక, అద్దంలాంటి నీళ్లు. కొండరాతిలో వేల ఏళ్ల కిందట చనిపోయినవాళ్లను ఉంచిన గుహలున్నాయి. ఒడ్డున గోధుమరంగు ఆకుల కుప్ప చూసి "చెత్త ఎత్తరేంటి?" అనుకుంటాం. అది పొసిడోనియా, సముద్రంలో పెరిగే మొక్క. అలలకు ఇసుక కొట్టుకుపోకుండా కాపాడేది ఆ ఆకులే.

దారిలో అడవి ఆలివ్ కర్రతో చేసిన వంకరటింకర గేట్లు కనిపిస్తాయి. వెనకే పశువులు మేస్తుంటాయి కాబట్టి దాటగానే మూసేయాలి. ఒకప్పుడు ఇలాంటి గేట్లకు తాళాలుండేవి. బాటలో చాలా భాగం పెద్ద ఎస్టేట్ల గుండా వెళ్తుంది. భూస్వాములు దారి మూసేస్తే ఊళ్లవాళ్లు ఊరుకోలేదు. "ఇది మా తాతల దారి" అంటూ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2000 డిసెంబరులో ప్రాంతీయ పార్లమెంటు ఈ బాట కోసమే ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. బాట మొత్తం బాగై, చుట్టూ తిరిగి రావడానికి మరో పదేళ్లు పట్టింది. నేను దిగిన ఇంటావిడ "మా చిన్నప్పుడు మకరెల్యాకి నడిచి వెళ్లాలంటే ఎవర్నో అడగాల్సొచ్చేది. ఇప్పుడు మీరు అడక్కుండానే వెళ్తున్నారు చూడండి" అంది నవ్వుతూ. ఆ నవ్వులో కాస్త గర్వం కూడా ఉంది.

ఇప్పుడు బెంగల్లా జనమే. జులై, ఆగస్టుల్లో చాప పరిచే చోటు కూడా దొరకదు. కార్ల మీద ఆంక్షలు పెట్టారు, మంచి పనే. మే నెలలోనో, సెప్టెంబరు చివర్లోనో వెళ్లండి. నీళ్లు, తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి, తుర్కేతాలో అంగళ్లుండవు. వేసవిలో అయితే అక్కడి నుంచి సియుతదేల్యా పట్టణానికి బస్సుంటుంది. లేదంటే వచ్చిన దారినే వెనక్కి. సాయంత్రం ఎండ వాలాక ఆ నడక ఇంకా బాగుంటుంది.