పిట్టలవానిపాలెంలో నాలుగు రోజులు

బాపట్లలో రైలు దిగేసరికి నా భుజం పీకుతోంది. సంచీలో నావి రెండు జతల బట్టలు, అక్కయ్య కోసం ఒక మిఠాయి పొట్లం. మిగిలిన బరువంతా ఒకే ఒక్క పుస్తకానిది. మనిషి ఒంట్లో ఏ ఎముక ఎక్కడున్నదీ, ఏ నరం ఎటు పోతున్నదీ బొమ్మలతో సహా చెప్పే గ్రే దొరగారి అనాటమీ. మా బావగారు ఫోను చేసి మరీ తెమ్మన్నారు. మేనకోడలికి గుంటూరు మెడికల్ కాలేజీలో సీటు వచ్చేటట్టే ఉందట. క్లాసులు మొదలయ్యేలోగా ఒక చుట్టు తిరగేస్తే పిల్ల హాయిగా ఉంటుందని ఆయన ఉద్దేశం. గుంటూరులో పాత పుస్తకాల కొట్టువాడు, "మొదటి సంవత్సరం పిల్లలు చౌరాసియా చదువుతారండీ, ఇంత లావుది చదవరు" అని చెప్పనే చెప్పాడు. కాని బావగారు చెప్పిన పేరు ఇదే గనక మారుమాట్లాడకుండా మోసుకొచ్చాను.

బాపట్ల నుంచి కర్లపాలెం మీదుగా బస్సు. ఆ వైపువాళ్ళు అంత పొడుగు పేరు పలకరు. కండక్టరు "పీవీపాలెం, పీవీపాలెం" అనే కేకేస్తాడు. పేరులోనే పిట్టలున్న ఊరిని అలా పొడి అక్షరాలు చేసేయడం అన్యాయం గదా! బాపట్ల వదిలాక కాసేపటిదాకా ఇసుక నేలలు, జీడిమామిడి, వేరుసెనగ. పోనుపోను ఇసుక తగ్గి నల్లనేల మొదలవుతుంది. గట్ల వెంట తాటిచెట్లు, మడుల్లో తెల్లకొంగలు. 2022 ఏప్రిల్ నుంచి ఈ ఊరు బాపట్ల జిల్లాలో ఉంది. అంతకు ముందు గుంటూరు జిల్లా. పెద్దవాళ్ళ నోట ఇంకా గుంటూరు జిల్లాయే.

ఇవన్నీ కృష్ణ కాలవకు శివారు భూములు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ, 1957లో దాని స్థానే ప్రకాశం బ్యారేజీ వచ్చిన తరువాత కూడా, శివారు రైతుది ఒకటే దిగులు. పైవాళ్ళ పొలాలు తడవగా మిగిలిన నీరే తనది. అంచేత ఆఖరి నిమిషందాకా ఆగడమంటే ఇక్కడివాళ్ళకు గుండెల్లో రాయి. కాలవ రాకముందే దుక్కి దున్ని, వడ్లు వెదజల్లి, ఆకాశం వైపు చూస్తూ కూర్చునేవాళ్ళు ఎందరో. మా బావగారు కూతురి చదువులోనూ ఇదే వ్యవసాయం చేస్తున్నారని ఆ సాయంత్రం వసారాలో కూర్చున్నాక నాకు తెలిసింది.

"అమ్మాయి పదో తరగతిదాకా తెలుగు మీడియం. అక్కడ నోరు తిరగని పేర్లు. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, మూడూ మొదటి ఏడాదే. ఆ ఏడాది గట్టెక్కడానికి నాలుగే నాలుగు అవకాశాలు, అయిదోది లేదని రూలు. మరి ఇప్పుడు ఖాళీగా కూర్చోబెట్టమంటావా?" అన్నారు బావగారు.

ఆయన మాటలో అబద్ధమేమీ లేదు. 2025లో నీట్ పరీక్ష మే 4న జరిగింది. 22 లక్షల మందికి పైగా రాశారు. జూన్ 14న ఫలితాలు. ఆ తరువాత కౌన్సెలింగు ఒక విడతా, రెండో విడతా! అంతకు ముందటి ఏడు కోర్టు వ్యవహారాలు నడిచి, ఫలితాలు సవరించి, క్లాసులు మొదలయ్యేసరికి అక్టోబరు వచ్చింది. పరీక్షకూ కాలేజీకీ నడుమ నాలుగైదు నెలలు. రైతు కంటికి అది బీడు పెట్టిన చేను.

అక్కయ్య వంటింటి గుమ్మంలోంచి, "మూడేళ్ళు హాస్టల్లో పెట్టాం. రెండేళ్ళు ఇంటరూ, ఒక ఏడు లాంగ్ టర్మూ. పొద్దున అయిదింటికి లేపి రాత్రి పదకొండుకు పడుకోబెట్టారు. జుట్టు సగం ఊడింది. దాన్ని కాస్త నిద్ర పోనివ్వండి" అంది.

పిల్ల ఎవరి వైపూ మాట్లాడలేదు. ఇద్దరూ నావైపు చూశారు. అక్క చేతి భోజనమూ కావాలి, బావగారి మర్యాదా కావాలి. నాకు తెలిసిన ఒక డాక్టరుగారు చెప్పినది అప్పజెప్పాను. ఎముక చేతిలో పెట్టుకుని తిప్పి చూస్తూ చదివితేనే అనాటమీ ఎక్కుతుందట. ఉత్త పుస్తకంలో చదివింది పది రోజులు నిలవదట. సీనియర్లు ఎముకల పెట్టెను జూనియర్లకు అప్పగించిపోవడం కాలేజీల్లో ఆనవాయితీ. పైగా 2019 నుంచి మెడికల్ కాలేజీల్లో మొదట ఫౌండేషన్ కోర్సని ఒకటి పెట్టారు. అందులో భాష, కంప్యూటరు, ఆటలు, ఆరోగ్య కేంద్రం చూసి రావడం ఉంటాయి. తరువాత ఒక్కొక్క విద్యార్థికి పల్లెల్లో కొన్ని కుటుంబాలను అప్పగించి, వాళ్ళ మంచిచెడ్డలు చూడమంటున్నారు.

"మా పిల్ల పల్లెటూళ్ళోనే పుట్టింది. దానికి కొత్తగా పల్లె చూపించేదేమిటి?" అని బావగారు నవ్వేశారు. తీర్పు ఆయన పక్షాన వచ్చినట్టే. గ్రే దొరగారు బల్లెక్కారు.

మర్నాడు పొద్దున్నే పారాయణం మొదలైంది. వసారాలో ఒక చివర మేనకోడలు, రెండో చివర కింద చతికిలబడి బియ్యంలో రాళ్ళేరుతూ వాళ్ళ నాయనమ్మ. పిల్ల "పటెల్లా" అని పైకి చదివి, మోకాలి మీద చెయ్యి వేసుకుంది.

"ఏమిటది?" అంది ముసలావిడ.

"మోకాలి దగ్గర ఎముక, నాయనమ్మా."

"మోకాలిచిప్ప అనరాదుటే?"

ఇక చూడండి తమాషా! పిల్ల ఇంగ్లీషులో ఒకటి చదవడం, ఆవిడ తెలుగులో ఒకటి వెయ్యడం. చీలమండ, మడమ, పిక్క, తుంటి, మణికట్టు, కణత. తుంటికీ రొండికీ తేడా మా మేనకోడలికి తెలియదు. పుట్టిన ఊళ్ళో మాటలే, హాస్టల్లో మూడేళ్ళు ఎవరూ అనకపోతే ఎలా తెలుస్తాయి? రేపు రోగి వచ్చి "తుంటి పీకుతోందమ్మా" అంటే పుస్తకంలో ఏ పేజీ తియ్యాలో? నాకు ఆటగానే ఉంది. పిల్లకు మాత్రం పౌరుషం వచ్చింది. పుస్తకం బల్లమీదే వదిలేసి వెళ్ళి, ఆవిడ కాళ్ళు తన ఒళ్ళో పెట్టుకుని, "ఇదేమిటి, ఇదేమిటి" అని ఒక్కొక్కటే అడగసాగింది.

అలా అడుగుతూ అడుగుతూ ఆగిపోయింది.

"నాయనమ్మా, ఇది ఎప్పటిది?"

కుడి అరికాలిలో, బొటనవేలి మొదట్లో, రూపాయి బిళ్ళంత పుండు. అంచులు తెల్లగా, మధ్య లోతుగా ఉంది. అక్కయ్య పరుగెత్తుకొచ్చింది. ఆవిడకు పదేళ్ళుగా చక్కెర వ్యాధి ఉంది. బిళ్ళలు వేసుకుంటూనే ఉంది. నొప్పి లేదంది. "నొప్పుంటే చెప్పనా నాయనా?" అని నన్నే ఎదురు ప్రశ్న వేసింది.

మెల్లగా ఆరా తీస్తే సంగతి బయటపడింది. ఫలితాలు వచ్చిన మర్నాడు, ఎవరితోనూ చెప్పకుండా, చందోలు దాకా చెప్పులు లేకుండా నడిచి వెళ్ళిందట. చందోలు ఇప్పుడు ఈ మండలంలో ఒక గ్రామంగాని, పన్నెండో శతాబ్దంలో వెలనాటి చోడుల రాజధాని. అక్కడి బగళాముఖి అమ్మవారికి ఈ చుట్టుపట్ల చాలా పేరు. మనవరాలికి సీటు వస్తే కాలినడకన వస్తానని మొక్కుకుంది. తారురోడ్డు కాలిందో, ముల్లే గుచ్చుకుందో, ఆవిడకు తెలియదు. తెలియకపోవడమే జబ్బు.

ఆ మధ్యాహ్నమే బాపట్ల తీసుకెళ్ళాం. డాక్టరుగారు ఆవిడను కళ్ళు మూసుకోమని, సన్నని నైలాను దారం కొనతో అరికాలిని అక్కడక్కడా తాకించి, తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. ఎడమకాలిలో రెండుచోట్ల చెప్పింది. కుడికాలిలో ఒక్కచోటా చెప్పలేదు. దారం తగిలిన ప్రతిసారీ మేనకోడలు నాయనమ్మ మొహంలోకే చూస్తూ నిలబడింది. చక్కెర వల్ల నరాలు దెబ్బతింటే ఇలా అవుతుందనీ, ఇంకొంతకాలం ఎవరూ చూడకపోతే వేలు తీయవలసి వచ్చేదేమోననీ డాక్టరుగారు చెప్పారు. రోజూ కట్టు మార్చాలి. ప్రతి రాత్రీ అరికాళ్ళు ఎవరో ఒకరు చూడాలి. ఇంట్లో కూడా చెప్పులు విడవకూడదు. తిరుగు బస్సులో బావగారు కిటికీలోంచి మడులు చూస్తూ కూర్చున్నారు. మాట్లాడలేదు.

ఆ రాత్రి పన్నెండింటికి మంచినీళ్ళకని లేచిన నాకు వసారాలో దీపం కనబడింది. పిల్ల గ్రే తెరిచి కూర్చుంది. ఎవరూ చదవమనలేదు. మొదటి పేజీ నుంచీ కాదు, ఎక్కడో వెనక, అరికాలి నరాల బొమ్మ దగ్గర ఉంది.

"ఇది వెన్నులోంచి ఇంత దూరం వస్తుంది మామయ్యా. అన్నిటికంటె పొడుగైనవి గనక కాలివేళ్ళవే ముందు పోతాయిట."

"ఇక పడుకో" అన్నాను. "ఈ బొమ్మ ఒక్కటీ అయ్యాక" అంది. ఆ బొమ్మల మాట వస్తే ఒకటి చెప్పాలి. గ్రే రాసిన ఈ పుస్తకం 1858లో లండనులో వచ్చింది. బొమ్మలు వేసినవాడు కార్టరు అనే మరొక డాక్టరు. పుస్తకం వెలువడిన ఏడే ఆయన బొంబాయి చేరి, ఉద్యోగ జీవితమంతా ఈ దేశంలోనే గడిపాడు. ఇక్కడ ఆయన పట్టించుకున్న జబ్బుల్లో ఒకటి కుష్ఠు, ఇంకొకటి వట్టి కాళ్ళతో పొలాల్లో తిరిగే రైతుల పాదాలకు బూజువల్ల వచ్చే వాపు. అంత గొప్ప బొమ్మలు గీసిన చెయ్యి చివరికి మనవాళ్ళ అరికాళ్ళే పట్టుకుంది. ఇది ఆ పిల్లకు అప్పుడు చెప్పలేదు. నిద్ర చెడుతుందని.

మిగిలిన రెండు రోజులూ పుస్తకానికి నియమమంటూ లేకపోయింది. కట్టు మార్చడం మేనకోడలి పని. తక్కిన వేళల్లో నిద్ర. పగలు పన్నెండింటిదాకా కూడా! బావగారు ఒకటి రెండుసార్లు గడియారం చూసి, ఏదో అనబోయి, పొలానికి వెళ్ళిపోయారు. సాయంత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్ళు "మా కాళ్ళూ చూడవే డాక్టరమ్మా" అని చేరితే, "నేనింకా డాక్టర్ని కాను పిన్నీ, బాపట్ల వెళ్ళండి" అంటూనే వంగి చూసేది. చదివించాలా, నిద్రపోనివ్వాలా అన్న తగువు మాత్రం తేలలేదు. నేను బయలుదేరే నాటికి అక్కయ్యా బావగారూ మళ్ళీ అక్కడికే వచ్చారు.

ఆ పొద్దున తగువు నడుస్తుండగానే నాయనమ్మ కొత్త మెత్తటి చెప్పులతో పెరట్లోకి దిగి, తులసికోట ముందు ఆగి, వాటిని విడిచింది. లోపలినుంచి మనవరాలు చూడనే చూసింది.

"నాయనమ్మా, చెప్పులు!"

"తులసమ్మ దగ్గర కూడానా?" అంది ఆవిడ.