కూడవెల్లి వాగు – మన ఋతువర్ణన

మన కావ్యాలలో వానకాలానికొక క్రమం వున్నది. మబ్బు పట్టుతుంది, చినుకు పడుతుంది, ఏరు పొంగుతుంది. శరత్తు రాగానే ఆ ఏరే తేటపడి సన్నగా పారుతుంది. 'ఆముక్తమాల్యద'లోని వర్షర్తు వర్ణన పాఠం చెప్పేటప్పుడు నా విద్యార్థులకు మొదటి మూడూ సులభంగానే అర్థమవుతవి. నాలుగవదాని దగ్గరే చిక్కు. కుకునూరుపల్లి ప్రాంతపు పిల్లలెరిగిన కూడవెల్లి వాగు రెండు దినాలు ఉరకలెత్తి, కొద్ది వారాలకే ఇసుకగా మిగిలే వాగు. "వాగు ఏ నెలల్లో పారుతుంది?" అని అడిగితే, "పంపులు నడిచిన నెలల, సార్" అన్నదొక అమ్మాయి. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం అది విమర్శవాక్యంగానే తోచింది.

వాన వెలిసిన తరువాత పారేది వాననీరు కాదు, నేల విడిచే నీరు. మా చెల్కల్లో నెమ్మదిగా ఇంకిన తడి, కింది రాతి పగుళ్ళలో నిలిచి, వాగు కడుపులోకి ఊరేది. అందుకు ముసురు కావాలి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. దించినప్పుడు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. వెనువెంటనే వచ్చిన ఆగస్టు సంగతి చూడండి: 1901 నుంచి వున్న లెక్కల్లో దేశం మొత్తం మీద అంత పొడిగా గడిచిన ఆగస్టు మరొకటి లేదు. "వాన పడలేదని నేనంటలేను సారూ, మృగశిర నుంచి పడాల్సిందంత ఒక్కనాడే పడితే నా మక్కజొన్న ఏం జేసుకుంటది?" అన్నాడొక రైతు. ఇంతకన్నా స్పష్టంగా చెప్పిన వ్యాసం నేను చదవలేదు.

అయితే నేరమంతా ఆకాశానిదే అనడం పాలకులకు చాలా సౌకర్యం. వాగు అడుగుకన్నా లోతుకు బోర్లు దిగిన తరువాత, ఇసుక లారీలకెక్కిన తరువాత, గొలుసుకట్టు చెరువులను దశాబ్దాల తరబడి పూడనిచ్చిన తరువాతనే గదా యీ ఎండ మన మీద పడింది! రైతు బోరు వేసినది విలాసానికి కాదు, చెరువు చచ్చినందుకు.

2021 వేసవిలో వాగు పారింది. కొండపోచమ్మ సాగరు నుంచి వదిలిన గోదావరి నీళ్ళవి. మేడిగడ్డ వద్ద 100 మీటర్ల మట్టం నుంచి 618 మీటర్లకు ఎత్తినవి. నిండు ఎండల్లో నీళ్ళు చూడవచ్చిన ముసలివాళ్ళ సంతోషాన్ని నేను తక్కువ చేయను. ఆ నీరు ఎగువ మానేరు దారి పడుతుంది. మానేరు పోయి మళ్ళీ గోదావరిలోనే కలుస్తుంది. పక్కనే 50 టి.ఎం.సి.ల మల్లన్నసాగరు కింద వేములఘాటు, పల్లెపహాడు, ఏటిగడ్డ కిష్టాపురం మునిగినవి. 2023 అక్టోబరులో మేడిగడ్డ బరాజు స్తంభాలు కుంగినవి.

మొన్న వ్యాసరచనకు 'మా వాగు' అన్న విషయం ఇచ్చాను. సగం కాగితాల్లో కోయిలలూ గలగలలూ వున్నవి. మునిగిన వూరి నుంచి లేచివచ్చిన కుటుంబపు పిల్లవాడొకడు మాత్రం వాగు పేరే ఎత్తకుండా, తమ ఇంటి గడప ఎన్ని గజాల నీటి కింద వుంటుందో లెక్కగట్టి ఇచ్చాడు. అలంకారశాస్త్రం ప్రకారం దానికి మార్కులెట్లా వెయ్యాలో నాకింకా తేలలేదు.