మిద్దె మీద కొత్తిమీర

గూడూరు అనగానే ముందు నిమ్మకాయలే గుర్తొస్తాయి. ఆ తర్వాత అభ్రకం గనులు, చెన్నై, విజయవాడ, రేణిగుంట దారులు కలిసే రైల్వే జంక్షను. కానీ ఒక్కసారి తలెత్తి మేడలవైపు చూడండి. పిట్టగోడల వెంట సిమెంటు తొట్లు, పాత బకెట్లు, చేపలకు వాడిన థర్మోకోల్ పెట్టెలు... వాటిలో కొత్తిమీర, పుదీనా, తులసి, వామాకు!

ఈ మొక్కల్ని చాలామంది జూన్‌లో మొదలుపెడతారు. వానాకాలం వచ్చేసిందని! హైదరాబాద్‌లో అయితే సరే. నెల్లూరు తీరానికి మాత్రం అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. ఏడాది వానలో సగానికి పైగా అప్పుడే. జూన్‌లో ఇక్కడ ఇంకా ఎండలే. వేడెక్కిన మిద్దె మీద చల్లిన ధనియాలు సరిగా మొలవవు. మొలిచినా ఆకు ఎదగకుండానే పూతకొస్తాయి. 'మన చేతికి మొక్క బతకదు' అని తొట్లు మూలన పడేసేది అందుకే. తప్పు చేతిది కాదు, నెలది!

గూడూరులో కొత్తిమీరకు అనువైన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. ధనియాలను రెండు బద్దలుగా నలిపి, రాత్రంతా నానబెట్టి చల్లితే పది రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. నెలన్నరలోపే కోతకొస్తుంది. బజారులో కొన్న పుదీనా కాడల్ని గ్లాసుడు నీళ్ళలో ఉంచితే వేళ్ళొస్తాయి. ఈ రెండింటికీ ఎనిమిదంగుళాల లోతు చాలు. కరివేపాకుకు మాత్రం అడుగున్నర ఉండాలి.

ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్ళలో కలపండి. అడుగున రంధ్రాలు తప్పనిసరి. 2021 నవంబరు వానలకు నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలుపట్టాలే కొట్టుకుపోయాయి. అంతటి వానలో రంధ్రం లేని తొట్టి చెరువే! తడిసిన మట్టితో రెండడుగుల పెట్టె 50 కిలోల దాకా తూగుతుంది. శ్లాబు నడిమధ్యన కాకుండా గోడల మీదుగా పెట్టడం మేలు.

ఇక కత్తిరి ఎండలకు కొత్తిమీర జోలికి పోవద్దు. పచ్చ నెట్టు నీడన పుదీనాను కాపాడుకుంటే చాలు. తులసి, వామాకు ఓర్చుకుంటాయి. ఖాళీ అయిన తొట్లలో ఎరువు కలిపి ఉంచండి. మళ్ళీ ఈశాన్య గాలి తిరిగాక ధనియాలు చల్లితే, సంక్రాంతికి చేపల పులుసులోకి మన మిద్దె కొత్తిమీరే!