ఉమ్మెత్త పువ్వూ, రోజీ క్యారేజీ

కూతురి పురిటికి అమెరికా వెళ్ళొచ్చిన అమ్మలు చెప్పే కబుర్లు మీరు వినే ఉంటారు. నయాగరా, న్యూయార్కు, డిస్నీలాండు... నాకు అవేవీ ప్రాప్తం లేదు. మా అమ్మాయి ఉండేది అర్కాన్సా రాష్ట్రంలో బెంటన్‌విల్ అనే చిన్న ఊళ్ళో. పేరు చెబితే ఎవరికీ తెలియదు. "వాల్‌మార్ట్ కొట్లున్నాయే, వాళ్ళ హెడ్డాఫీసు ఊరు" అంటే అప్పుడు "ఓహో" అంటారు. ఆ ఆఫీసు పుణ్యమా అని మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారక్కడ. కరివేపాకుకి కరువు లేదు.

2019 జనవరిలో మనవరాలు పుట్టింది. బాలింత పథ్యం, పసిదాని స్నానం, సాంబ్రాణి ధూపం (ఆ పొగకి గంట మోగి ఇల్లంతా అదిరిపోయింది, ఆ కథ మరోసారి) వీటితో మూడు నెలలు ఇట్టే గడిచాయి. ఏప్రిల్లో దాని సెలవు అయిపోవచ్చింది. నా తిరుగు ప్రయాణమూ దగ్గర పడింది. పిల్లని డే కేర్‌లో వేస్తానంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

"పసిగుడ్డుని ఎవరి చేతుల్లోనో పెట్టి వెళ్తావా? ఒక్క ఏడాది మానేస్తే కొంపలేం మునగవు" అన్నాను.

అది పొయ్యి గట్టు తుడుస్తూ, నా వైపు చూడకుండానే "నువ్వు మానేశావుగా అమ్మా" అంది.

అంతే. ఇంకొక్క మాట అనలేదు.

1986లో నాకు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరు ఉద్యోగానికి ఆర్డరు వచ్చింది. పెద్దవాడికి అప్పుడు ఐదో నెల. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. వెళ్ళమనీ అనలేదు. ఆ కాయితం ట్రంకు పెట్టెలో పట్టుచీరల అడుగున చాలా ఏళ్ళుంది. పిల్లలు అడిగితే నవ్వుతూనే చెప్పేదాన్ని. నవ్వుతూనే చెప్పాననుకున్నాను.

మూడు రోజులపాటు మా ఇద్దరి మధ్య "పాలు తాగిందా?", "తాగింది" తప్ప మాటల్లేవు. అల్లుడు పాపం ఇద్దరి ముఖాలూ చూసి చూసి, శనివారం పొద్దున్నే "మ్యూజియంకి వెళ్దాం అత్తయ్యగారూ! టిక్కెట్టు కూడా లేదు" అన్నారు. నాకు మ్యూజియం అంటే సాలార్జంగులో గంట కొట్టే గడియారమే. సరే, ఇంట్లో మూతి ముడుచుకుని కూర్చోవడం కంటే నయం కదా అని చీర మార్చుకున్నాను.

దాని పేరు క్రిస్టల్ బ్రిడ్జెస్. అన్నీ అమెరికా చిత్రకారుల బొమ్మలే. వాల్‌మార్ట్ పెట్టిన శాం వాల్టన్‌గారి కూతురు ఆలిస్ వాల్టన్ కట్టించింది. 2011 నవంబరు 11న తెరిచారు. ఆవిడ పదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తండ్రి దుకాణంలోనే పికాసో బొమ్మ అచ్చుప్రతి ఒకటి కొనుక్కుందట. ఇప్పుడు కొనేవి అసలు బొమ్మలు! 2005లో డ్యూరాండ్ అనే ఆయన 1849లో వేసిన కొండల చిత్రాన్ని న్యూయార్కు లైబ్రరీ అమ్మకానికి పెడితే, మూడున్నర కోట్ల డాలర్ల దాకా పెట్టి కొందని చెప్పుకుంటారు. మా ఊరి సొత్తు ఎక్కడో మారుమూలకి పోతోందని న్యూయార్కు వాళ్ళు గోలపెట్టారట. మారుమూల వాళ్ళకి మాత్రం కళ్ళుండవా ఏమిటి? అయినా ఆ డబ్బంతా ఉప్పూ పప్పూ సబ్బులూ కొన్న ఆడవాళ్ళ పర్సుల్లోంచి వచ్చిందే కదా అని నాకో మాట మనసులో మెదిలింది. ప్రవేశం ఉచితం అంటే అందుకే మొహమాటపడలేదు.

లోయలో, సెలయేటి నీళ్ళకి అడ్డుకట్ట వేసి, ఆ మడుగుల చుట్టూ కట్టారు. మోషే సాఫ్డీ అనే ఆయన ప్లాను. గాజు, రాగి రేకుల కప్పులు, వంతెనల్లాంటి గదులు. చుట్టూ అడవి, ఏప్రిల్ కాబట్టి చెట్లనిండా తెల్లపూలు.

ముందు వాకిట్లోనే కంచుతో చేసిన సాలెపురుగు! ముప్ఫై అడుగులుంటుంది. కాళ్ళ మధ్య నుంచి మనుషులు నడుచుకుంటూ పోవచ్చు. పొట్ట కింద సంచిలో పాలరాతి గుడ్లు. లూయీ బూర్జ్వా అనే ఆవిడ చేసింది. పేరు "మమా", అంటే ఫ్రెంచి భాషలో అమ్మ. వాళ్ళమ్మ పాత అల్లిక తెరల చిరుగులు కుట్టి బాగుచేసేదట. రోజంతా దారం పట్టుకుని కూర్చునే అమ్మ గుర్తుకి సాలెపురుగుని చేసింది. ముందు ఒళ్ళు జలదరించిన మాట నిజం. అమ్మాయి పిల్ల బండి తోసుకుంటూ దాని కాళ్ళ మధ్యకి వెళ్ళి, తలెత్తి చాలాసేపు చూసింది. ఏమనుకుందో నేను అడగలేదు.

లోపల గదులు గదులు. జార్జి వాషింగ్టన్ నుంచి మొదలై నిన్నమొన్నటి వాళ్ళ దాకా. కొన్ని అర్థం కాలేదు, నడిచి వచ్చేశాను. ఒకచోట మాత్రం కాలు ఆగిపోయింది. గోడమీద నాలుగడుగుల ఎత్తున ఉమ్మెత్త పువ్వు! మన దిబ్బల మీద పెరిగే ఉమ్మెత్తే. వినాయక చవితి పత్రిలో దత్తూర పత్రం అని ఆకు వేస్తామే, ఆ జాతిదే. జార్జియా ఓకీఫ్ అనే చిత్రకారిణి 1932లో వేసింది. తెల్లటి రేకులు, మధ్యలో లేత ఆకుపచ్చ, అంతే. 2014లో వేలంలో నాలుగు కోట్ల నలభై నాలుగు లక్షల డాలర్లకి పోయింది. అప్పటికి ఒక ఆడమనిషి వేసిన బొమ్మకి అంత ధర ఎవరూ ఇవ్వలేదట. చిన్నప్పుడు దాని కాయ ముట్టుకుంటేనే "పిచ్చెక్కుతుంది, పారెయ్" అని మా అమ్మ చెయ్యి కడిగించేది. అంత పెద్దగా ఎదురుగా పెడితే తప్ప ఆ పువ్వు ఇంత అందంగా ఉంటుందని నాకు ఈ వయసులో తెలిసింది.

ఇక రోజీ దగ్గరికి వస్తాను. నార్మన్ రాక్‌వెల్ 1943లో ఒక పత్రిక ముఖచిత్రం కోసం వేసిన బొమ్మ. యుద్ధంలోకి మగవాళ్ళు వెళ్ళిపోతే, ఆడవాళ్ళు ఫ్యాక్టరీల్లో విమానాలకి రివెట్లు కొట్టిన రోజులు. నీలం ఓవరాల్స్ వేసుకున్న ఎర్రజుట్టు పిల్ల, ఒళ్ళో రివెట్లు కొట్టే యంత్రం, చేతిలో శాండ్‌విచ్. కాళ్ళ కింద హిట్లర్ రాసిన పుస్తకం! పహిల్వాన్ లాంటి చేతులు. తలెత్తి, ఎవరినీ పట్టించుకోకుండా భోంచేస్తోంది. ఒళ్ళో క్యారేజీ, దానిమీద రోజీ అని పేరు. జేబులోంచి చిన్న చేతిరుమాలు కనిపిస్తోంది. ఆడపిల్లని గుర్తుచేసేది అదొక్కటే.

అమ్మాయి పక్కకొచ్చి నిలబడి, మూడు రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడింది. "ఈ బొమ్మకి కూర్చున్న పిల్ల నిజంగా సన్నగా ఉండేదట అమ్మా. పంతొమ్మిదేళ్ళు. అంత లావుగా వేసినందుకు తర్వాత రాక్‌వెల్ క్షమాపణ చెప్పాడట." కాసేపాగి, "ఆ పిల్ల టెలిఫోన్ ఆపరేటరు" అంది.

నేనేం మాట్లాడలేదు. పిల్ల ఏడుపు అందుకుంది. అమ్మాయి దాన్ని తీసుకుని పాలివ్వడానికి వెళ్ళింది. నేను అక్కడే బల్లమీద కూలబడ్డాను. ఎదురుగా ఆ పిల్ల అన్నం తింటూనే ఉంది. ఉద్యోగానికి వెళ్ళి ఉంటే నేను సుఖపడేదాన్నని చెప్పలేను. పెద్దవాడికి ఆ ఏడంతా జ్వరాలే. కానీ పన్నెండింటికి నా క్యారేజీ నేను విప్పుకుని, ఎవరికీ వడ్డించకుండా తినడం ఎలా ఉంటుందో నాకెప్పటికీ తెలియదు కదా! ఆ మాటకి కళ్ళు చెమర్చాయి. కొంగుతో తుడుచుకుంటుంటే, అక్కడ కాపలా ఉండే పెద్దాయన కాగితం రుమాలు తెచ్చిచ్చాడు.

అల్లుడు మాత్రం సూపర్‌మాన్, వండర్ వుమన్ బొమ్మల మీద అప్పుడు పెట్టిన ప్రదర్శనలోకి దూరి గంటన్నర తర్వాత తేలారు. అక్కడ ఇలాంటివి ఎప్పుడూ మారుతూనే ఉంటాయట. 2014లో అయితే పేరున్న వాళ్ళని కాదని, దేశమంతా లక్ష మైళ్ళు తిరిగి, వెయ్యిమంది దాకా చిత్రకారుల ఇళ్ళకి వెళ్ళి చూసి, 102 మందిని ఏరి ప్రదర్శన పెట్టారట. పెరటి గదుల్లో, గ్యారేజీల్లో ఎవరు ఏం చేస్తున్నారో వెతుక్కుంటూ వెళ్ళడం నాకు బాగా నచ్చింది. ఆ ముందటేడు నల్లజాతి కళాకారుల పనితో పెద్ద ప్రదర్శన పెట్టారని కూడా చెప్పింది అమ్మాయి. దారిపొడుగునా అదే కబుర్లు.

డే కేర్ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఒప్పుకున్నానని కాదు. మొదటిరోజు పిల్లని దింపినప్పుడు అది గుక్కపట్టి ఏడిస్తే, కారులో నేనూ ఏడ్చాను. కాకపోతే ఆ పొద్దున నాలుగింటికే లేచి నిమ్మకాయ పులిహోర కలిపి, దోసకాయ పచ్చడి నూరి, పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసి బాక్సు సర్దాను. స్కూలు రోజుల్లోలాగా మూతమీద దాని ముద్దుపేరు తెలుగులో రాశాను. "ఏంటమ్మా ఇది, ఆఫీసులో నవ్వుతారు" అంది గానీ చెరపలేదు.

సాయంత్రం ఖాళీ బాక్సు తెచ్చింది. సగం పులిహోర పక్క సీటులో మెక్సికో పిల్ల తినేసిందట. ఎలా చేస్తారో రాసిమ్మని అడిగిందట కూడా.