కృంగినవారికి ఒక తోడు

మా మెట్ట ప్రాంతపు పల్లెల్లో "నాకు మానసిక కృంగుదల ఉంది" అని ఏ రైతూ చెప్పడు. "అయ్యగారూ, తల బరువుగా ఉంటోంది" అంటాడు. "గుండె దడగా ఉంది", "ఒంట్లో సత్తువ లేదు", "తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది" అంటాడు. ఆర్.ఎం.పి. దగ్గరకు వెళ్లి సెలైను ఎక్కించుకుంటాడు. రెండు రోజులు బాగున్నట్టే ఉంటుంది, మరల మామూలే. స్త్రీలైతే ఒళ్లంతా నొప్పులని చెబుతారు. ఇంటివారు కొందరు గాలి సోకిందంటారు, మరికొందరు ఎవరో చేయించారంటారు. సంఘములో మనవారు అనే మాట ఇంకొకటి ఉంది: "విశ్వాసము తగ్గింది."

ఈ మూడింటిలో చివరి మాటే నన్ను ఎక్కువ బాధిస్తుంది. ఎందుకంటే కృంగిపోయిన మనిషి ఆ మాటను అప్పటికే తనలో తాను నూరుసార్లు అనుకుని ఉంటాడు. దానికి మనము సంఘపు ముద్ర కూడా వేస్తున్నాము.

ప్రియ చదువరులారా, దుఃఖము వేరు, ఈ వ్యాధి వేరు. పంట పోతే దుఃఖిస్తాము, ఆప్తులు మరణిస్తే ఏడుస్తాము. ఆ దుఃఖములో కూడా మనవడు ఒడిలోకి వస్తే ఒక చిన్న నవ్వు వస్తుంది. కృంగుదల పట్టినవానికి ఆ నవ్వు కూడా రాదు. రెండు వారములకు పైగా, దాదాపు ప్రతి దినము, దినములో ఎక్కువసేపు మనసు చీకటిగా ఉండడము, ఇదివరకు ఇష్టమైన పనిమీద ఇష్టము పోవడము దీనికి ముఖ్యమైన గురుతులు. వీటితోపాటు నిద్ర, ఆకలి చెడిపోతాయి. చిన్న పనికే అలసట వస్తుంది. తాను ఎందుకూ పనికిరాననీ, ఇంటికి బరువనీ అనిపిస్తుంది. మగవారిలో కొన్నిసార్లు ఇది కోపముగా, త్రాగుడుగా బయటపడుతుంది. అప్పుడు అందరము త్రాగుడునే చూస్తాము గాని దాని వెనుక ఉన్నదానిని చూడము.

మా సంఘములో ఇరవై సంవత్సరములు డోలక్ వాయించిన సహోదరుడు ఒకరున్నారు. కౌలు రైతు. వరుసగా రెండు సంవత్సరములు మిర్చి దెబ్బతీసింది. ఆరాధనకు రావడము మానలేదు గాని, డోలక్ పక్కవారికి ఇచ్చి వెనుక వరుసలో కూర్చునేవారు. పొలానికి వెళ్లేవారు, గట్టుమీద కూర్చునేవారు, పని చేయకుండానే తిరిగి వచ్చేవారు. నేను ఇంటికి వెళ్లి పలకరిస్తే "బాగానే ఉన్నానండీ" అనే ఒక్క మాటే.

అసలు సంగతి పట్టుకున్నది ఆయన చిన్ననాటి స్నేహితుడు, ఊరి సెంటరులో టీ కొట్టు నడిపే మనిషి. ఆయన మన సంఘపువారు కాదు, ఏ సంఘపువారూ కాదు. ఒక రాత్రి మా ఇంటికి వచ్చి గుమ్మములోనే నిలబడ్డారు. "అయ్యగారూ, వాడు నా బాకీ మొత్తము ఈ రోజు తీర్చేశాడు. డోలక్ మావాడికి ఇచ్చేస్తానంటున్నాడు. వాడి చూపు నాకు బాగోలేదు" అన్నారు.

ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడము, లెక్కలు ముగించడము, పిల్లలను ఎవరికో అప్పగిస్తున్నట్టు మాట్లాడడము, ఇవి ప్రమాద సూచనలు. ఇద్దరము ఆ రాత్రే వెళ్లాము. ప్రక్కన కూర్చుని సూటిగానే అడిగాను, "తమ్ముడూ, చచ్చిపోవాలనిపిస్తోందా?" ఇలా అడిగితే లేని ఆలోచన కలిగించినట్టవుతుందని చాలామంది భయపడతారు. ఆ భయము నిజము కాదు. అడిగితే చాలామందికి బరువు దించుకున్నట్టుంటుంది. ఆయన చాలాసేపు నేలవైపు చూసి, తల ఊపారు. తరువాత ఏడ్చారు. ఎన్ని నెలల తరువాత ఏడ్చారో వారి ఇంటి ఆమెకే తెలియాలి.

ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ ఆ టీ కొట్టు స్నేహితుడు సంచిలో వేసుకుని అప్పుడే పట్టుకుపోయారు. ఆ రాత్రి స్నేహితుని మంచము ప్రక్కనే చాప వేసుకుని పడుకున్నారు. నేను ప్రార్థన చేశాను, అది క్లుప్తముగానే చేశాను. ఉదయము మొదటి బస్సుకు ముగ్గురము జిల్లా ఆస్పత్రికి వెళ్లి, మానసిక వైద్యుల గది ముందు వరుసలో నిలబడ్డాము.

యెజెబెలు బెదిరింపుకు పారిపోయిన ఏలీయాను ఇక్కడ తలచుకోక తప్పదు. కర్మెలు మీద అంత కార్యము చేసిన ప్రవక్త బదరీవృక్షము క్రింద చావును కోరుకున్నాడు. దేవదూత ఆయనను గద్దించలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె నీళ్లు పెట్టాడు. మరల నిద్రపోనిచ్చి, మరల పెట్టాడు. ప్రయాణపు పని చెప్పినది ఆ తరువాతనే. కొద్దికాలములో ఎలీషా అనే తోడు కూడా దొరికాడు. యోబు స్నేహితులను మనము విమర్శిస్తాము గాని, వారు కూడా మొదటి ఏడు దినములు నోరు మెదపకుండా నేలమీద ఆయనతో కూర్చున్నారు. చిక్కంతా నోరు తెరచిన తరువాతనే వచ్చింది!

వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర చదివినప్పుడు ఇంగ్లండువాడైన విలియం కూపర్ గురించి రెండు వాక్యములకంటే ఎక్కువ వినలేదు. తరువాత నాకై నేను చదువుకున్నాను. 1731లో పుట్టిన ఈ కవి ఆరవ యేట తల్లిని పోగొట్టుకున్నాడు. 1763లో ఒక ఉద్యోగ పరీక్షకు భయపడి పూర్తిగా కృంగిపోయి, ప్రాణము తీసుకోబోయి, ఒక వైద్యుని ఆశ్రయములో చాలాకాలము ఉండవలసి వచ్చింది. 1767లో ఓల్నీ అనే చిన్న ఊరికి వచ్చాడు. అక్కడి సంఘ కాపరి జాన్ న్యూటన్, ఒకప్పుడు బానిసల ఓడలకు కెప్టెనుగా ఉన్నవాడు, 'అమేజింగ్ గ్రేస్' వ్రాసినవాడు. ఇద్దరూ కలసి నడిచేవారు, బీదల ఇండ్లకు వెళ్లేవారు. 1779లో వెలువడిన ఓల్నీ కీర్తనల పుస్తకములో ఇద్దరి పాటలూ ఉన్నాయి.

ఆ పుస్తకము రాకముందే, 1773లో కూపర్‌ను వ్యాధి మరల పట్టింది. దేవుడు తనను త్రోసివేశాడని గట్టిగా నమ్మాడు. ఆ మీదట ఆరాధనకు వెళ్లనే లేదు. న్యూటన్ ఏమి చేశాడు? కూపర్‌ను, ఆయనను కనిపెట్టి ఉన్న మేరీ అన్విన్ అనే విధవరాలిని తన ఇంట్లో సంవత్సరముపైగా ఉంచుకున్నాడు. న్యూటన్ భార్య కూడా ఆ భారము మోసింది. ఇది చదివిన రోజున ఆ కాపరి భార్యను గురించే ఎక్కువసేపు ఆలోచించాను. అతిథి ఒక వారము ఉంటేనే మన ఇండ్లలో ఏమవుతుందో అందరికీ తెలుసు.

కొంచెము తేరుకున్న కూపర్ తోటపని చేశాడు, వడ్రంగము చేశాడు, మూడు కుందేళ్లను పెంచాడు. 1785లో ఆయన పెద్ద కావ్యము 'ది టాస్క్' వెలువడింది. ఆయన పూర్తిగా స్వస్థుడయ్యాడని చెబితే అబద్ధము అవుతుంది. ఆ చీకటి మళ్లీ మళ్లీ వచ్చింది. అయినా 1800 వరకు, 68 సంవత్సరములు బ్రతికాడు. న్యూటన్ 1780లో లండనుకు మారిన తరువాత కూడా ఉత్తరములు వ్రాస్తూనే ఉన్నాడు.

ఆ దినములలో ఈ వ్యాధికి మందు లేదు. నేడు ఉంది. అయితే అది తలనొప్పి మాత్రలాగా పనిచేయదు. గుణము కనిపించడానికి రెండు నుండి నాలుగు వారములు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. మా సహోదరుడు పదవ రోజునే "ఏమీ లాభము లేదు, మానేస్తాను" అన్నారు. నా మాట వినలేదు. టీ కొట్టు స్నేహితుడు మాత్రము వాదించలేదు. రోజూ రాత్రి కొట్టు కట్టేసి వచ్చి, మాత్ర, నీళ్లగ్లాసు ముందు పెట్టి, "ఒరేయ్, వేసుకో, ఇంటికి పోవాలి నేను" అనేవారు. అంతే. నెలనెలా ఆస్పత్రికి కూడా ఆయనే తీసుకువెళ్లారు. ఆ రోజు కొట్టు బేరము పోయేది. ఆ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. ఆరవ వారములో మా సహోదరుడు అన్నము ఇంకొంచెము పెట్టమన్నారట. ఇంటి ఆమె పరుగున వచ్చి మాకు చెప్పింది.

బాగున్నాము కదా అని మందు తమంతట తామే ఆపకూడదు. తేరుకున్న తరువాత కూడా కనీసము ఆరు నెలలు వాడమని వైద్యులు సాధారణముగా చెబుతారు. ఆపేటప్పుడు కూడా వారే మెల్లగా తగ్గిస్తారు. మాత్ర వేసుకునేవాడు ప్రార్థనను నమ్మనివాడని ఎవరైనా అంటే, వారి కండ్లజోడు, షుగరు మాత్రలు ఏమిటని అడగండి.

వెంటనే ఆస్పత్రికి వెళ్లలేని వారికి ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ ఫోను ఉంది. నంబరు 14416. డబ్బు ఖర్చు కాదు, రాత్రి పగలు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మా సహోదరుని ఇంటిలో ఆ నంబరు వంటగది తలుపుమీద సుద్దతో వ్రాసి ఉంది. చెరిగినప్పుడల్లా ఆయన చిన్న కూతురు మరల దిద్దుతుంది.