మోటారుసైకిలుపై పోయి చేసిన బస

ప్రయాణమనగానే మనము పెట్టెలు వెదకుదుము. ఊరగాయ మొదలు దిండు వరకు సర్వమును వెంట నుండవలెను. మోటారుసైకిలు ఆ యలవాటును సాగనీయదు. దానిపై బోయి ఆరుబయట బస చేయువారు తమ సంసారమంతయు రెండు సంచులలో నిముడ్చుకొనవలసినదే.

2023వ సంవత్సరము డిసెంబరులో నేనును మా వదినయు చెరియొక బండిపై లంబసింగికి బోయి, మొట్టమొదటిసారి గుడారములో నొక రాత్రి గడపితిమి. వదిన నడపిన బండి మా యన్నగారిది. ఆయన గతించిన పిదప రెండేండ్లు అది వసారాలో గోనెపట్టా క్రింద నుండెను. అమ్మివేయుమని బంధువులందరును చెప్పిరి. ఆమె మారు పలుకక, ఆరునెలలు అభ్యసించి, లైసెన్సు సంపాదించెను.

"ఆడవారిద్దరు కొండలలో పండుకొందురా?" అని మా యమ్మ కంటనీరు పెట్టుకొనెను. బిడ్డను కోల్పోయిన తల్లి భయమును తేలికగా త్రోసివేయరాదు. కావున నిర్జనస్థలము మానుకొని, ఒక గిరిజన కుటుంబము ననుమతి వేడి, వారి పెరటిలో గుడారము వేసికొంటిమి. మరుగునకును మంచినీటికిని అదియే యనుకూలము.

స్త్రీల కిట్టి యాత్ర క్రొత్తదియు గాదు. 1916లోనే అగస్టా, ఆడలైన్ వాన్ బ్యూరెన్ అను అక్కచెల్లెండ్రు మోటారుసైకిళ్లపై అమెరికా దేశమును తూర్పునుండి పడమటి వరకు దాటిరి. పురుషుల దుస్తులు ధరించిరని దారిలో వారిని నిర్బంధించిరట!

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలో సుమారు 1000 మీటర్ల యెత్తున నున్నది. నర్సీపట్నము దాటిన పిమ్మట ఘాటురోడ్డు. మూట కట్టుటలో గృహిణి నేర్పు ఇచ్చట బయటపడును. బరువైన వస్తువులు క్రిందుగాను, బండి నడిమికి దగ్గరగాను ఉండవలెను. ఇరుప్రక్కల తూకము సరిపోవలెను. వెనుక నెత్తుగా పేర్చినచో మలుపులలో బండి తూలును. మెత్తని నేలలో స్టాండు దిగబడకుండ దాని క్రింద పలకరాయి నుంచితిమి.

చలి పైనుండియే వచ్చునని తలంతుము గాని, నేలయు మన యొంటివేడిని పీల్చివేయును. కావున కప్పుకొను దుప్పటికంటె క్రింద పరచుకొను మందపు పరుపే ముఖ్యము. గుడారమును పూర్తిగా మూసినచో మన యూపిరియే నీటిబొట్లుగా మారి వస్త్రములను తడుపును. కొంత తెరచి యుంచవలెను. నెగడు వెలుపలనే యుండవలెను. కుంపటిని లోపలికి దెచ్చుట ప్రాణాపాయము. దాని విషవాయువునకు వాసనయైన నుండదు.

ఆ యింటి పెద్దమ్మ మాకు వేడి చోడియంబలి పోసి, నెగడు చెంత చాలసేపు కూర్చుండెను. ఆమె లేచిపోయిన పిదప వదిన బండివైపు చూచి, "అమ్మాయీ! దీని నిక నమ్మను. మీ అన్నయ్య చూపింతునన్న చోట్లు ఇంకను చాల గలవు" అనెను. రెండేండ్లలో ఆమె తనంత తాను ఆయన ప్రస్తావన దెచ్చుట అదియే మొదలు.

తెల్లవారి పొగమంచు విడిచినదాక కదలక, ఎండ పొడచూపిన పిదప ఘాటు దిగితిమి.

మొదటిసారి పోవువారు ఒక రాత్రికే, దగ్గరి చోటికే, నమ్మదగినవారి చెంతకే పొండు. మిగిలిన ధైర్యము దారియే నేర్పును.