తాతల నాటి రూపాయి... తూకానికేనా?

సందూకులోంచి తీసిన వెండి రూపాయిని బజారుకు తీసుకెళితే పలికేది వెండి ధరే. మరి దాని వెనకున్న కథకో? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఓసారి చుట్టి వస్తే తెలుస్తుంది.

పెళ్లి ఖర్చు మీద పడితేనో, అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటేనో పాత సందూకు మూత తెరుచుకుంటుంది. మూటలో నాలుగు వెండి రూపాయలు, తెగిన గుండ్లపేరు, ఓ ఇత్తడి సోల... 'ఎంతొస్తదో చూసి రా బిడ్డా' అంటుంది నానమ్మ. ఇంగ్లండులో అయితే ఇలాంటివి పట్టుకుని జనం బారులు తీరతారు. 1979 నుంచి బీబీసీలో వస్తున్న 'యాంటిక్స్ రోడ్‌షో'లో నిపుణులు ఆ వస్తువు ఏ కాలానిదో, ఎంత చేస్తుందో చెబుతారు. మన దగ్గర ఆ పని చేసేది అవుసలాయన త్రాసూ, గీటురాయీ!

చార్మినార్ గుమ్మంలో అక్షరం

ఒకప్పటి భానుపురే నేటి సూర్యాపేట. ఇక్కడి బంగారు దుకాణంలో రూపాయిని మోగిస్తారు, గీటు పెడతారు, తూస్తారు. అంతే, లెక్క తేలిపోతుంది. కానీ దాన్ని తిప్పి చూస్తే... చార్మినార్! దాని గుమ్మం మధ్యలో ఓ ఉర్దూ అక్షరం. 'మీమ్' అయితే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలానిది. 'ఐన్' అయితే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీఖాన్‌ది. ఇదే హాలీ సిక్కా.

రెండు రూపాయల సరిహద్దు

హైవే మీద విజయవాడ వైపు వెళితే కోదాడ. అప్పట్లో ఇది నిజాం రాజ్యానికి అంచు. అవతల జగ్గయ్యపేట... తెల్లవాళ్ల ఇలాకా. అక్కడ చెల్లేది కల్దారు రూపాయి. ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లు! 1940ల ముందు నాటి హాలీ రూపాయి 11.18 గ్రాములు, అందులో వెండి దాదాపు 82 శాతం. కల్దారు 11.66 గ్రాములు, వెండి 91 శాతం పైనే. 1940 నుంచి కల్దారులోనూ వెండి సగానికి తగ్గింది. అందుకే ఈ ప్రాంతపు మూటల్లో రెండు రకాలూ కలిసే కనిపిస్తాయి. రాజు బొమ్మ ఉన్నంత మాత్రాన అన్నీ ఒకే ధర పలకవన్నమాట!

సోలలూ మానికలూ

రైస్‌మిల్లుల ఊరు మిర్యాలగూడ. బస్తాల్లో, క్వింటాళ్లలో లెక్కలు నడిచే ఈ ఊళ్లోనూ ఒకప్పుడు ధాన్యం కొలిచింది సోల, తవ్వ, మానిక, కుంచాలతోనే. 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు రావడంతో అవి అటకెక్కాయి. ఆ తర్వాత చాలా ఇళ్లలో స్టీలు గిన్నెలకు మారకంగా వెళ్లిపోయాయి. ఇత్తడి కిలోల్లో తూగింది. దాని మీద చెక్కించుకున్న తాత పేరు మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు.

తొందరపడితే నష్టమే

పాత నాణేన్ని చింతపండుతోనో, బూడిదతోనో తోమకూడదు. మెరుపు వస్తుంది, సేకర్తలిచ్చే విలువ పోతుంది. దండ కోసం కొక్కెం అతికించినా అంతే. 'పాత అయిదు రూపాయల నాణేనికి లక్షలు' అంటూ ముందే ఫీజు అడిగేవాళ్లతో మరీ జాగ్రత్త. తన పేరు వాడుకుని సాగుతున్న ఇలాంటి మోసాలపై రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

చట్టం సంగతీ తెలియాలి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాఖండాలు, నాణేలు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువుల కిందికొస్తాయి. వాటిని సొంతంగా విదేశాలకు పంపడం నేరం. పాత విగ్రహాల్లాంటివి ఇంట్లో ఉంటే నమోదు చేయించుకోవాలి. పొలంలో లంకెబిందె దొరికితే అది తాతల సొత్తు కాదు... 1878 చట్టం ప్రకారం కలెక్టరుకు చెప్పాల్సిందే.

మట్టికుండలో దొరికిన చరిత్ర ఎంతటిదో సూర్యాపేట జిల్లా ఫణిగిరిని అడిగితే చెబుతుంది. 2024లో అక్కడి తవ్వకాల్లో ఒకే కుండలో 3,730 సీసపు నాణేలు బయటపడ్డాయి, ఇక్ష్వాకుల కాలానివి. సీసానికి తూకంలో ఏం ధర పలుకుతుంది? అయినా వాటిని లెక్కపెట్టి మరీ భద్రం చేశారు.

ఇంట్లో మూటకూ అదే మర్యాద దక్కాలి. అమ్మాల్సిన అవసరమే వస్తే అమ్మొచ్చు, తప్పేం లేదు. కాకపోతే త్రాసులో వేసేముందు ఓ ఫొటో తీసి, అది ఎవరిదో, ఏ పెళ్లికి వచ్చిందో నానమ్మను అడిగి కాగితం మీద రాసి పెట్టుకోవాలి. వెండి మళ్లీ కొనుక్కోవచ్చు. ఆ నాలుగు మాటలు చెప్పేవాళ్లు మాత్రం ఎల్లకాలం ఉండరు కదా!